ఆసియా గుమ్మం దాకా వెళ్లిన తెలుగు క్లబ్బు



2023 మే 3వ తేదీ. కోళికోడ్‌లోని ఈఎంఎస్ కార్పొరేషన్ స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ, ఏటీకే మోహన్ బగాన్ జట్లు తలపడ్డాయి. గెలిచినవాళ్లకు చేతికిచ్చే కప్పేదీ లేదు. ఆసియా ఖండంలోని క్లబ్బులు అప్పట్లో ఆడుకున్న ఏఎఫ్‌సీ కప్ అర్హత పోటీల్లోకి వెళ్లే హక్కు ఒక్కటే పందెం. ఒకే ఒక్క మ్యాచ్. గెలిస్తే ఆసియా, ఓడితే ఇల్లు. మోహన్ బగాన్ 3-1తో గెలిచింది. ఆసియా పోటీలకు అంత దగ్గరగా వెళ్లిన తెలుగు నేల క్లబ్బు మరొకటి లేదు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ మ్యాచ్ గురించి, దానికి ముందు వెనకల గురించి.

నాది నంద్యాల జిల్లా సంజామల. నంద్యాల నుంచి ఎర్రగుంట్ల పోయే రైలు దారిలో కోవెలకుంట్ల దాటితే మా స్టేషన్ వస్తుంది. నల్లరేగడి నేల, శనగ, జొన్న, పత్తి మా పంటలు. తిరునాళ్ల వస్తే ఎద్దుల బండలాగుడు, సంక్రాంతికి కబడ్డీ, తక్కిన ఏడాదంతా క్రికెట్. ఫుట్‌బాల్ మా పిల్లలకు ఎక్కువగా సెల్‌ఫోన్‌లో కనబడే ఆట. యూరప్ ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు చాలావరకు మనకు అర్ధరాత్రి దాటాక వస్తాయి. అయినా మేలుకుని చూసే పిల్లలు మా మండలంలో ఉన్నారు. రియల్ మాడ్రిడ్ పదకొండు మంది పేర్లూ తడుముకోకుండా చెబుతారు. ఈ మండలంలోని బడుల్లో పిల్లల చేత ఆటలాడించిన వ్యాయామ ఉపాధ్యాయుడిగా నాకు అది సంతోషమే. కానీ ఆ పిల్లల్లో ఎవరికీ సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు తెలియదు. ఆ లోటు వాళ్లది కాదు. మనం చెప్పలేదు.

ముందు కోళికోడ్ సంగతి పూర్తి చేస్తాను.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. పుణె క్లబ్బు మూతపడితే ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆ చోటు హైదరాబాద్‌కు వచ్చింది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం వాళ్ల సొంత మైదానంగా ఉండేది. మొదటి ఏడాది పట్టికలో అట్టడుగున నిలిచారు. తరువాత స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. అతను పేరున్నవాళ్ల కోసం వెతకలేదు. చిన్న వయసు భారత ఆటగాళ్లను నమ్మి దించాడు. రెండో సీజన్‌లోనే, అంటే 2021-22లో, ఆ జట్టు ఫైనల్‌కు చేరింది.

ఆ సీజన్ సెమీఫైనల్ లెక్క పిల్లలకు చెప్పదగ్గది. కొన్ని పెద్ద నాకౌట్ పోటీల్లో ఒకే జట్టుతో రెండుసార్లు ఆడి, రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి చూస్తారు. మోహన్ బగాన్ మీద హైదరాబాద్ మొదటి మ్యాచ్ 3-1తో గెలిచింది, రెండోది 0-1తో ఓడింది. కలిపితే 3-2. రెండో మ్యాచ్ ఓడిన జట్టే ఫైనల్‌కు వెళ్లింది. మొదటి రోజు ఎంత ఉత్సాహంగా గోల్స్ కొట్టాలో, రెండో రోజు ఎంత ఓర్పుగా కాచుకోవాలో తెలిసిన జట్టుకే ఈ పద్ధతి అచ్చివస్తుంది.

2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్. ఎదుట కేరళ బ్లాస్టర్స్. స్టేడియం నిండా పసుపు చొక్కాలు, అంతా కేరళ అభిమానులే. 68వ నిమిషంలో రాహుల్ కేపీ కేరళకు గోల్ కొట్టాడు. మ్యాచ్ అయిపోతుందనగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి వలలో పడింది. 1-1. అదనపు సమయంలోనూ తేలలేదు. పెనాల్టీలకు వెళ్లింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 3-1తో హైదరాబాద్ ఛాంపియన్.

నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. కరోనా కారణంగా ఆ సీజన్ మొత్తం, అంతకు ముందు సీజన్ మొత్తం గోవాలోనే జరిగాయి. హైదరాబాద్ పేరు పెట్టుకున్న జట్టు దేశంలోకెల్లా పెద్ద లీగ్ ట్రోఫీ గెలిచిన ఏడాది హైదరాబాద్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. ఊరికీ జట్టుకూ బంధం కుదరాల్సిన కాలం అది. గ్యాలరీలో కూర్చుని అరిచిన గొంతే జట్టును తనదనుకుంటుంది. ఆ అరుపు మన నగరానికి దక్కలేదు.

ఛాంపియన్ అయ్యాక ఆసియా పోటీలకు నేరుగా వెళ్లవచ్చు కదా, మళ్లీ ఈ కోళికోడ్ మ్యాచ్ ఎందుకని మీరు అడగవచ్చు. సరిగ్గా అప్పుడే ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య తన క్యాలెండర్ మార్చింది. అంతవరకు ఒక ఏడాదిలోనే మొదలై ముగిసే పోటీలను యూరప్ తరహాలో ఆగస్టులో మొదలుపెట్టి మరుసటి మేలో ముగించాలని నిర్ణయించింది. దాంతో మన దేశంలో రెండు సీజన్ల విజేతలు ఒకే చోటుకు హక్కుదారులయ్యారు. 2021-22 విజేత హైదరాబాద్, 2022-23 విజేత మోహన్ బగాన్. ఇద్దరినీ పిలిచి, ఆడి తేల్చుకోండన్నారు.

ఇంకో సంగతి. 2022-23 లీగ్‌లోనూ హైదరాబాద్ బాగానే ఆడి, పట్టికలో రెండో స్థానంలో నిలిచింది. ఆ ఏడాది సెమీఫైనల్లో మళ్లీ మోహన్ బగానే ఎదురైంది. రెండు మ్యాచ్‌లు కలిపి ఒక్క గోల్ కూడా పడలేదు. పెనాల్టీల్లో 4-3తో మోహన్ బగాన్ గెలిచింది. అది మార్చి. మే నెలలో కోళికోడ్. రెండు నెలల్లోపే ఒకే జట్టు చేతిలో రెండు ద్వారాలు మూసుకుపోయాయి. నాలుగేళ్ల వయసున్న క్లబ్బు 1889లో పుట్టిన క్లబ్బు ముందు ఓడింది. 1911లో బూట్లు లేని కాళ్లతో ఆంగ్లేయ సైనిక జట్టును ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచిన మోహన్ బగాన్ ముందు తలవంచడంలో అవమానమేమీ లేదు. అసలు బాధ ఆ తరువాత వచ్చింది.

మోహన్ బగాన్ ఆ ఆగస్టులో నేపాల్ క్లబ్బు మచ్చీంద్రను, ఢాకా అబాహనిని ఓడించి గ్రూపు దశకు చేరింది. 2024 మేలో ఆస్ట్రేలియా క్లబ్బు సెంట్రల్ కోస్ట్ మెరైనర్స్ ఆ కప్పు గెలిచింది. ఏఎఫ్‌సీ కప్ పేరుతో జరిగిన చివరి పోటీ అదే. తరువాత దాని స్థానంలో ఛాంపియన్స్ లీగ్ టూ వచ్చింది. హైదరాబాద్ మాత్రం ఆ ఏడాదే డబ్బు ఇబ్బందుల్లో కూరుకుపోయింది. జీతాల బకాయిలు, ఫిఫా ఆంక్షలు, ఆటగాళ్ల వలస. 2023-24లో లీగ్ పట్టికలో ఆఖరి స్థానం. 2025లో క్లబ్బు యాజమాన్యంతో పాటు ఊరూ మారి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. 2022లో దేశ ఛాంపియన్ అయిన తెలుగు నేల జట్టు పేరు ఈనాడు లీగ్ పట్టికలో లేదు.

ఇక్కడ మనం వెనక్కి వెళ్లి, ఈ తరం చూడని జట్టును చూడాలి.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఒకప్పుడు బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్ 1891 నాటిది, నాకౌట్ పోటీ. దాన్ని హైదరాబాద్ పోలీసులు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచారు. 1950లోనూ 1954లోనూ రోవర్స్‌తో పాటు డ్యూరాండ్ కప్ అనే మరో పెద్ద పోటీనీ గెలిచారు. స్వాతంత్య్రం వచ్చాక జరిగిన మొట్టమొదటి డ్యూరాండ్ 1950దే. ఆ ఫైనల్లో వాళ్లు ఓడించింది కూడా మోహన్ బగాన్‌నే. ఓడితే ఇంటికి పోవలసిన పోటీలో ఐదేళ్లపాటు ఓడకుండా నిలబడటం ఎంత కష్టమో ఆడినవాళ్లకు తెలుస్తుంది. లీగ్‌లో ఒకరోజు కాలు జారినా మరోరోజు సరిదిద్దుకోవచ్చు. నాకౌట్‌లో ఆ వెసులుబాటు లేదు.

యూరప్ దేశాల ఛాంపియన్ క్లబ్బుల నాకౌట్ పోటీ మొదలైంది 1955లో. ఫ్రాన్స్‌లోని లెకిప్ పత్రిక సంపాదకుడు గాబ్రియెల్ హనో ఆ ఆలోచన చేశాడు. అంతకు ముందు ఏడాది ఇంగ్లండ్ క్లబ్బు ఉల్వ్స్ హంగరీ క్లబ్బు హోన్వెడ్‌ను ఓడిస్తే, ప్రపంచంలో మేమే గొప్పవాళ్లమని ఇంగ్లండ్ పత్రికలు రాసుకున్నాయి. అలా అయితే అన్ని దేశాల ఛాంపియన్లూ ఆడి తేల్చుకోవాలన్నాడు హనో. మొదటి ఏడాది 16 క్లబ్బులు ఆడాయి. పారిస్‌లో 1956 జూన్ 13న రియల్ మాడ్రిడ్ 4-3తో రీమ్స్‌ను ఓడించి మొదటి కప్పు గెలిచింది. అక్కణ్నుంచి 1960 దాకా వరుసగా ఐదు కప్పులూ దానివే. ఆ ఐదు కప్పులతోనే రియల్ మాడ్రిడ్ పేరు ప్రపంచమంతా పాకింది. ఇవాళ సంజామల పిల్లవాడి నోట్లో ఆ పేరు ఆడుతోందంటే దాని వేళ్లు అక్కడున్నాయి.

మన పోలీసులు వరుసగా ఐదు గెలవడం ముగిసిన మరుసటి ఏడాదే యూరప్‌లో ఆ పోటీ మొదలైంది. అప్పటికి ఆసియాలో అలాంటి పోటీయే లేదు. 1967లో బాంకాక్‌లో మొట్టమొదటి ఆసియా క్లబ్బుల పోటీ జరిగేనాటికి హైదరాబాద్ వైభవం తగ్గిపోయింది, ఆ జట్టును తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ చనిపోయి నాలుగేళ్లయింది. ఆయన కళ్ల ముందే ఆ పోటీ మొదలై ఉంటే మన క్లబ్బు ఖండమంతా పేరు తెచ్చుకునేదని నేను గట్టిగా నమ్ముతాను. ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తా ఫైనల్లో ఓడింది దక్షిణ కొరియా. ఆసియాలో మనల్ని నిలబెట్టిన మనిషి తన సొంత క్లబ్బును ఆసియాకు తీసుకెళ్లలేకపోవడానికి ఆ గుమ్మమే అప్పటికి కట్టకపోవడం ఒక్కటే కారణం.

రహీమ్ సాహెబ్ వృత్తి రీత్యా బడిపంతులు. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. అందరూ ఆయన్ని వ్యూహాలు వేసిన మేధావిగా తలుస్తారు. నలుగురు వెనక, ఇద్దరు మధ్య, నలుగురు ముందు నిలబడే పద్ధతిని ఆయన భారత జట్టుకు అలవాటు చేశారు. అది నిజమే. కానీ ఆయన అసలు పని కింద, పిల్లల దగ్గర జరిగింది. బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నాలనే నియమంతో ఆయన పోటీలు పెట్టించేవారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి. బంతిని ఒక్కడే తిప్పుకుంటూ పోకుండా వెంటనే పక్కవాడికి అందించాలనే పోటీలూ ఉండేవి. డబ్బు ఖర్చులేని శిక్షణ. నియమం ఒక్కటి మారిస్తే చాలు, ఆటే పాఠం చెబుతుంది. నా ఉద్యోగ కాలంలో ఆయన పద్ధతుల నుంచి నేర్చుకున్నంత నేను ఏ శిక్షణ శిబిరంలోనూ నేర్చుకోలేదు.

ఆ పోలీస్ జట్టు హైదరాబాద్ మట్టిలోంచే వచ్చింది. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ వంటివాళ్లు ఆ జంటనగరాల మైదానాల్లోనే తయారయ్యారు. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ 1956-57లోనూ 1957-58లోనూ హైదరాబాద్‌దే. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. ఇక 2022లో ఫటోర్డా ఫైనల్లో హైదరాబాద్ తరఫున మైదానంలోకి దిగినవాళ్లను చూడండి. గోవా, మణిపూర్, సిక్కిం, బెంగాల్, అస్సాం, మహారాష్ట్ర వంటి రాష్ట్రాలు, విదేశాలు. అందరూ మంచి ఆటగాళ్లే, వాళ్ల మీద నాకు గౌరవమే. అయితే వాళ్లలో తెలుగు కుర్రాడు లేడు. క్లబ్బు ఢిల్లీకి పోయినప్పుడు ఇక్కడ ఏ వీధీ అడ్డం పడలేదంటే నేను ఆశ్చర్యపోను. ఏ వీధి పిల్లవాడూ అందులో లేడు.

తెలుగు నేల మీదే ఉన్న శ్రీనిధి డెక్కన్ అనే మరో క్లబ్బు, సూపర్ లీగ్ కింది మెట్టైన ఐ-లీగ్‌లో 2022-23లో, మళ్లీ 2023-24లో రెండో స్థానంలో నిలిచింది. మొదటి స్థానం వస్తే పై లీగ్‌కు వెళ్లేది. రెండుసార్లూ ఒక్క మెట్టు దగ్గర ఆగింది.

మగవాళ్ల క్లబ్బులకు తెరుచుకోని గుమ్మం దగ్గరికి ఒక తెలుగు అమ్మాయి వేరే దారిన చేరింది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య. గోకులం కేరళకు ఆడింది, 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ మహిళా జట్టులో చేరింది, ఆ తరువాత ఈస్ట్ బెంగాల్‌కు వచ్చింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్ మహిళల లీగ్ ఛాంపియన్ అయింది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య సౌమ్యను ఎంపిక చేసింది. ఆ గెలుపుతో ఈస్ట్ బెంగాల్‌కు ఆసియా మహిళల ఛాంపియన్స్ లీగ్ దారి తెరుచుకుంది. 2025 ఆగస్టులో కంబోడియాలో ఆ క్లబ్బు ఫ్నోమ్ పెన్ క్రౌన్‌ను 1-0తో ఓడించి, హాంకాంగ్ క్లబ్బు కిచ్చీతో 1-1 డ్రా చేసుకుని గ్రూపు దశకు చేరింది. నవంబరులో చైనాలోని వుహాన్‌లో ఇరాన్ క్లబ్బు బామ్ ఖాతూన్‌ను 3-1తో ఓడించింది.

ఈ దారి ఎంత సన్ననిదో చెప్పడానికి 2022 ఆగస్టు చాలు. గోకులం కేరళ అమ్మాయిలు ఆసియా క్లబ్ పోటీ ఆడటానికి ఉజ్బెకిస్తాన్ వెళ్లి తాష్కెంట్‌లో దిగారు. సరిగ్గా అప్పుడే మన సమాఖ్య పాలనా గొడవల కారణంగా భారత్‌ను ఫిఫా సస్పెండ్ చేసింది. ఆ అమ్మాయిలు ఒక్క మ్యాచ్ ఆడకుండా తిరిగి వచ్చారు. ఆగస్టు 26న సస్పెన్షన్ ఎత్తేశారు, కానీ వాళ్ల పోటీ చేజారిపోయింది. ఏడాదంతా గెలిచి సంపాదించుకున్న హక్కు అది. పెద్దల కుర్చీల తగాదాకు మూల్యం ఆ ఆడపిల్లలు కట్టారు. ఈ మాట కోపంతోనే అంటున్నాను.

సరే, ఇదంతా సంజామలకు ఎందుకు?

మనకు దగ్గరలో అనంతపురం ఉంది. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అక్కడ పల్లెటూరి పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతోంది. స్పెయిన్ లా లీగా సంస్థ దానికి తోడ్పడింది. రాయలసీమ పిల్లలు ఈ ఆట ఆడలేరనేవాళ్లకు అదే జవాబు. ఎండ మనకు అలవాటే, పరుగు మన కాళ్లలో ఉంది. లేనిది మైదానం, వారం వారం జరిగే పోటీ.

మా రేగడి నేలలో వానాకాలం బంతి కదలదు, బురద కాళ్లకు అంటుకుని అడుగు పడదు. ఎండాకాలం నెర్రెలు విచ్చి చీలమండ విరిగే ప్రమాదం. అందుకని బడి మైదానంలో గరుసు మట్టి తోలించి చదును చేయించాలి. నాలుగు ట్రాక్టర్లున్న ఊరికి అదేమంత కష్టం కాదు. శనగ కోత అయిపోయాక, వానలు పడకముందు పిల్లలకు తీరిక ఉంటుంది. సంజామల, కోవెలకుంట్ల, బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల, ఉయ్యాలవాడ, దొర్నిపాడు, ఆళ్లగడ్డ. ఎనిమిది మండలాలు, ఎనిమిది జట్లు. నాకౌట్ పద్ధతిలో ఎనిమిది జట్లకు ఏడు మ్యాచ్‌లు చాలు. ప్రతి మ్యాచ్‌లో ఒక జట్టు తప్పుకుంటుంది, చివరికి ఒకటి మిగలాలి. ఒక మైదానం ఉంటే రెండు రోజుల్లో అయిపోతుంది. మొదటి మ్యాచ్ ఓడిన నాలుగు జట్లకు వేరే కప్పు పెట్టి ఆడించండి. అంత దూరం బస్సెక్కి వచ్చిన పిల్లవాణ్ని గంటసేపు ఆడించి పంపేయడం నాకు ఇష్టముండదు. ఆడపిల్లలకు అదే రోజుల్లో, అదే మైదానంలో, అంతే విలువైన కప్పు ఉండాలి.

సర్పంచులకు, ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం ఇది. బడి మైదానంలోంచి గజం నేల కూడా మరో పనికి వదలకండి. రెండు గోల్‌పోస్టులు పాతించండి, ఇనుప గొట్టాలు దొరక్కపోతే సరుగుడు కర్రలైనా సరే. తల్లిదండ్రులారా, సాయంత్రం ఆడటానికి పోతానన్న ఆడపిల్లను ఆపకండి. సంజామల బడిలో సాయంత్రం పిల్లలకు బంతి ఆట నేర్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. చుట్టుపక్కల మండలాల్లో ఫుట్‌బాల్ ఆడిన పెద్దలు, రిటైరైన పోలీసులు, సైనికులు ఎవరైనా ఉంటే ముందుకు రండి. వచ్చే ఎండాకాలం సెలవుల్లో ఆ ఎనిమిది జట్లనూ మైదానంలోకి దించుదాం.